ఆరో తరగతి ఆలస్యం కాదు

“కింది తరగతుల్లో ఏం చెప్పినారో ఏమో, వీళ్లకు బేసిక్సే లేవు. ఇప్పుడు మనమేం చేయగలం?” గార్లదిన్నె చుట్టుపక్కలనే కాదు, అనంతపురం జిల్లాలో హైస్కూళ్ల గురించి మాట్లాడే ఎవరి నోటనైనా వినిపించే మాట ఇది. ఊళ్లో రచ్చబండ దగ్గర ఇదే మాట ఇంకో రకంగా ఉంటుంది: సర్కారు బడిలో చదువు రాదు, అప్పు చేసైనా ప్రైవేటుకు పంపాల. పట్నంలో కూర్చున్నవాళ్లది మూడో రకం: కరువు సీమ, వలస బతుకులు, చదువు మీద ధ్యాస లేని తల్లిదండ్రులు. మూడూ చివరికి చేరేది ఒక్క చోటికే. పదకొండేళ్లు నిండేసరికి చదవడం రాని బిడ్డకు ఇక రాదని తీర్పు చెప్పేస్తాయి. ఆ తీర్పు తప్పు. లక్షల మంది పిల్లల మీద దాన్ని అమలు చేస్తున్నాం కాబట్టి అన్యాయం కూడా.

చదవడం రాదంటున్న ఆ పిల్లవాడి ముందు ఆరో తరగతి సోషల్ పుస్తకం పెట్టి చూడండి. అక్షరాలు గుర్తుపడతాడు. గుణింతాల దగ్గర నెమ్మదిస్తాడు. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ లాంటి మాటల్లో ఒత్తు మీద ఒత్తు వచ్చేసరికి ఆగిపోతాడు. కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేలోగా మొదలేమిటో మరచిపోతాడు. వాడికి చదువు సగం వచ్చింది, మిగతా సగం ఎవరూ చెప్పలేదు. మన లిపికి తోబుట్టువైన కన్నడం చదివే పిల్లల మీద పరిశోధకురాలు సోనాలి నాగ్ చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. నాలుగో తరగతికి వచ్చాక కూడా పిల్లలు అక్షరాలు నేర్చుకుంటూనే ఉంటారని అందులో తేలింది. ఇంగ్లిషులో 26 అక్షరాలతో పని తీరుతుంది. మనకు గుణింతాలూ ఒత్తులూ కలిపితే వందల రూపాలు. పైగా 2025-26లో ఆరో తరగతిలో ఉన్నది, కరోనాతో బడులు మూతపడిన 2020లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలు. పలక పట్టాల్సిన నెలల్లో వాళ్లకు బడే లేదు.

ఐదో తరగతి దాటాక ఈ మిగతా సగం ఎవరి బాధ్యత? ఎవరిదీ కాదు. తెలుగు పీరియడ్‌లో పద్యం, ప్రతిపదార్థం, వ్యాకరణం. సోషల్ పీరియడ్‌లో అయివారే పాఠం చదివి, ప్రశ్నకు జవాబు బోర్డు మీద రాస్తే పిల్లలు చూసి దించుకుంటారు. ఆ నోట్సులు తిరగేస్తే కడుపు తరుక్కుపోతుంది. ముత్యాల్లాంటి దస్తూరి, తప్పుల్లేని పేజీలు. రాసిన బిడ్డను అందులో ఒక వరుస చదవమంటే తల దించుకుంటుంది. ఇందులో అయివార్లను తిట్టి లాభం లేదు. పైనుంచి వాళ్లను అడిగేది సిలబస్ ఎంతవరకు వచ్చింది, ఫార్మేటివ్ మార్కులు ఎక్కించారా, ఫొటోలు యాప్‌లో పెట్టారా అని. ఎంతమంది కొత్తగా చదవడం నేర్చారని అడిగేవాళ్లు లేరు.

పిల్లల చదువును కొలిచే అసర్ 2022 సర్వేలో దేశం మొత్తం మీద పల్లె పిల్లల లెక్క చూడండి. రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు ఐదో తరగతిలో 42.8 శాతం, ఎనిమిదిలో 69.6 శాతం. ఆ ఐదో తరగతి, ఈ ఎనిమిదో తరగతి ఒకే పిల్లలు కారు, నిజమే. అయినా ఈ మూడేళ్లలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పకపోయినా ఇంతమంది ఎలాగో గట్టెక్కుతున్నారని తెలుస్తోంది. తలుపు మూసుకుపోయిందన్న వాదనకు ఇక ఆధారమేది? ఇదే లెక్కకు రెండో వైపు కూడా ఉంది. పదిమందిలో ముగ్గురు ఆ పాఠం చదవలేకుండానే తొమ్మిదికి వెళ్తున్నారు.

ఇక ప్రైవేటు బడి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి నాలుగేళ్లు సాగిన ప్రయోగంలో మన పక్కనున్న కడప సహా ఐదు జిల్లాల 180 పల్లెలున్నాయి. లాటరీలో గెలిచిన సర్కారు బడి పిల్లలకు ఫీజు కట్టి ప్రైవేటుకు పంపారు. పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్ల తర్వాత పరీక్షించి చూస్తే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం మెరుగు. ప్రైవేటు బడి తక్కువ ఖర్చుతో నడుస్తుందన్నదీ ఆ అధ్యయనమే, దాన్ని దాచను. కానీ చదవడం రాని బిడ్డకు బడి మార్చడమే మందు అని శనక్కాయ రైతు చేత అప్పు చేయించేవాళ్లు ఈ ఫలితం ముందు పెట్టుకుని మాట్లాడాలి.

మరి మందేమిటి? దాని ఆనవాలు ఈ నేల మీదే ఉంది. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్, తెలుగు వ్యాకరణం రాసినవాడే, తన జిల్లాలోని బడుల గురించి మద్రాసుకు నివేదిక పంపాడు. గుత్తి, అనంతపురం ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోవే. 533 బడులు, 6,641 మంది పిల్లలు. అర్థం తెలియకుండా చిలకపలుకుల్లా పద్యాలు వల్లిస్తున్నారని ఆయన అప్పుడే వాపోయాడు. వెనకటి రోజుల్లో అందరికీ చదువు బాగా వచ్చేదనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అంతమందిలో హిందూ ఆడపిల్లలు 60 మందే. అయితే ఒక పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. పిల్లలను వాళ్లకు వచ్చినదాన్ని బట్టి జట్లుగా కూర్చోబెట్టేవారు. ముందున్నవాళ్లు వెనకున్నవాళ్లకు చెప్పేవారు, చెబుతూ తమ చదువు గట్టి చేసుకునేవారు.

2013-14లో ఉత్తరప్రదేశ్ సర్కారు బడుల్లో ప్రథమ్ సంస్థ చేసింది దాదాపు ఇదే. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలను తరగతి చూడకుండా, చదవగలిగినంతను బట్టి విడగొట్టి, విడతలుగా మొత్తం 50 రోజుల శిబిరాలు నడిపారు. ఏడాది చివరికి పేరా గానీ కథ గానీ చదవగలిగినవాళ్లు దాదాపు సగం మంది. శిబిరాలు లేని బడుల్లో పావువంతే. చిన్న తరగతుల్లో సాధ్యమైంది, మాట్లాడే భాష మీద ఇంకా ఎక్కువ పట్టున్న పన్నెండేళ్ల పిల్లలకు ఎందుకు సాధ్యం కాదు?

మన హైస్కూళ్లలో జరిగింది వేరు. 2020లో రాష్ట్రం ‘చదవడం మాకిష్టం’ అనే కార్యక్రమం పెట్టింది. మంచి పేరే, కానీ చదవడం రానివాడి చేతిలో పుస్తకం పెట్టి ఊరుకుంటే ఇష్టం పుట్టదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి ట్యాబులు పంచారు. రెండో తరగతి పాఠం దగ్గర ఆగినవాడికి అందులోని ఎనిమిదో తరగతి వీడియోతో ఏం పని?

గార్లదిన్నె మండలానికి వలస మరో చిక్కు. వానలు ముఖం చాటేసిన ఏడాది బెంగళూరు పనులకు పోయిన కుటుంబం నడి ఏడాదిలో తిరిగి వస్తే, తరగతి పాఠాలు బిడ్డను వదిలేసి ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాయి. స్థాయిని బట్టి కూర్చోబెట్టే బడిలో మాత్రం ఆ బిడ్డ ఆగిన చోటు నుంచే మొదలుపెట్టగలదు.

అందుకే అడుగుతున్నా. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు రోజూ మొదటి పీరియడ్ చదవడానికే ఇవ్వండి. మూడు తరగతులనూ కలిపి, వచ్చినదాన్ని బట్టి జట్లు కట్టండి. లెక్కల అయివారు, సైన్సు మేడమ్ కూడా తలా ఒక జట్టును పట్టుకోవాలి. బీరువాల్లో తాళం పడ్డ కథల పుస్తకాలు బయటికి తీయండి. ఆ పీరియడ్‌కు మార్కులు వద్దు, ఫొటోలు వద్దు. సిలబస్ ఆలస్యమైతే ఆ అయివార్లను సంజాయిషీ అడగబోమని జిల్లా విద్యాశాఖ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అదీ జూన్‌లో, బడి తెరిచిన వారంలోనే.