ఉత్తరాల పేజీ ఎవరిది?

పత్రికకు ఉత్తరం రాయడం మనవాళ్లకు తేలిక పని కాదు. పొద్దంతా పత్తి చేన్లో, మిరప తోటలో కైకిలి చేసి, రాత్రి పిల్లల నోటుబుక్కులో కాయితం చించి రాయాలి. రాయరానోళ్లు ఇంకొకర్ని బతిమాలి రాయించుకోవాలి. జనగామ వాడల నుంచి, మహబూబాబాద్ పల్లెల నుంచి, భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుల నుంచి ఉత్తరం వచ్చిందంటే దాని వెనక అంత కష్టం ఉంది. ఏది వెయ్యాలి, ఏది ఆపాలి అన్నది పత్రిక నడిపేవాళ్ల ఇష్టానికి వదిలేసే ముచ్చట కాదు.

పత్రిక తలుపు మూస్తే ఎట్లుంటదో మనకు తెలుసు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' పక్షపత్రిక మొదలుపెట్టాడు. డబ్బులిస్తామన్నా దాని ప్రకటన వెయ్యడానికి పూనా 'కేసరి' ఒప్పుకోలేదు. 1936లో లాహోర్ సభ కోసం రాసిన 'కులనిర్మూలన' ఉపన్యాసంలో కొంత తీసెయ్యమని పిలిచినవాళ్లే అడిగారు. కామా కూడా మార్చనన్నాడు, సొంత ఖర్చుతో అచ్చేశాడు. దాన్ని గాంధీ 'హరిజన్'లో విమర్శించాడు. అంబేద్కర్ ఏం చేశాడు? 1937 రెండో కూర్పులో గాంధీ విమర్శను కూడా వేసి, పక్కనే తన జవాబు వేశాడు. ఎదుటివాని మాట దాచి గెలవాలనుకోలేదు. మనకు కొలబద్ద ఇదే.

ఇవ్వాళ ఈ కొలబద్ద ఎందుకు కావాలి? 1994 జూలైలో ఈదుమూడిలో మొదలైన దండోరా డిమాండు, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో చట్టమైంది. 59 కులాలు మూడు గ్రూపులైనయి. ఒకటి, తొమ్మిది, ఐదు శాతంగా రిజర్వేషన్ పంచారు. ఇన్నేళ్లకు మా వాటా మాకొచ్చిందని ఒకరు రాస్తారు. మమ్ముల చీల్చారని ఇంకొకరు రాస్తారు. రెండూ అచ్చు కావాలి, పక్కపక్కనే కావాలి.

ఇంటి పంచాయితీ బజార్లో పెడితే దొరలు నవ్వుతారని కొందరు మిత్రులంటారు. అచ్చులో లేనంత మాత్రాన పంచాయితీ లేకుండ పోతదా? చాయ్ హోటల్ కాడ, బాయికాడ ఇంకా చేదుగా నడుస్తది. లెక్కతో, వాదంతో అచ్చయితే జవాబు చెప్పొచ్చు.

కాని తిట్టు వాదం కాదు. మాలను మాదిగ, మాదిగను మాల కులం పేరుతో తిట్టిన ఉత్తరం వెయ్యొద్దు. ఆడవాళ్లను కించపరిచేది అసలే వద్దు. దొర తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల మీదనే ఆ చట్టం పనిచేస్తది. మనలో మనం తిట్టుకుంటే అది అక్కరకు రాదు. అక్కడ గీత మనమే గీసుకోవాలి.

మేం కోరేది ఇంతే. ఉత్తరం కుదించొచ్చు, అర్థం మార్చొద్దు. వాడ భాషను పుస్తక భాష చెయ్యొద్దు. ఆసామి మీద ఫిర్యాదు చేసిన కూలి పేరు దాచాలి, నిజం మాత్రం ఊరికి పోయి విచారించాలి. ఆపిన ఉత్తరం ఎందుకు ఆపామో రాసినవాళ్లకు చెప్పాలి. పత్రికను తప్పుపట్టిన ఉత్తరాన్ని ముందు వెయ్యాలి.

ఇయ్యన్నీ పాటిస్తేనే ఆ పేజీ వాడది. లేకుంటే మనం కూడా ఇంకో 'కేసరి' అయితం. రాయండి. రాయరాకపోతే చెప్పి రాయించండి. మాతో కలవని మాటే ముందు రాయండి.

జై భీమ్.