మోటార్లు కాలడానికి సన్న కేబుళ్లూ కారణమే



ఎండాకాలం వచ్చిందంటే బోరు మోటార్లు కాలిపోతున్నాయన్న వార్తలు పత్రికల్లో తప్పవు. తప్పంతా లో వోల్టేజీదేనని, అంటే విద్యుత్తు శాఖదేనని అందరూ తేల్చేస్తారు. అందులో నిజం లేకపోలేదు. కానీ స్టార్టరు డబ్బా నుంచి బోరు లోపలి మోటారు దాకా వెళ్లే కేబుల్ సంగతి ఎవరూ అడగరు. తీగ పొడవు పెరిగిన కొద్దీ నిరోధం పెరుగుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది. వ్యాసం రెట్టింపు చేస్తే నిరోధం నాలుగో వంతుకు పడిపోతుంది. బళ్లో పిల్లలు చదివే ఈ పాఠం పొలం దాకా రావడం లేదు.

5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. బోరు లోతు, స్టార్టరు దూరం కలిపి వెయ్యి అడుగులైతే, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌లో ఒక్కో తీగ నిరోధం దాదాపు 2.25 ఓములు. అంటే దారిలోనే 35 వోల్టులు పోతాయి. అదే 6 చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది 15 వోల్టుల లోపే. లైనులో 415కు బదులు 380 వోల్టులే వస్తున్న రోజున సన్న కేబుల్ చివర మోటారుకు మిగిలేది 345. అదే పని చేయడానికి మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, దానితో కేబుల్‌లో నష్టం మరింత పెరుగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలుతుంది.

పక్క పొలంలో ఇదే కేబుల్‌తో మోటారు ఏళ్ల తరబడి నడుస్తోంది కదా అంటారు. అక్కడి బోరు లోతెంతో చూడాలి. మన దగ్గర నీళ్లు అడుగంటినప్పుడల్లా మోటారును ఇంకా కిందికి దించి, పాత కేబుల్‌కే అదే సైజు ముక్క అతికిస్తారు. 400 అడుగులకు సరిపోయిన సైజు 800 అడుగులకు ఎలా సరిపోతుంది? పొడవుతో పాటు నిరోధమూ రెట్టింపవుతుంది, ఆపై అతుకుల బలహీనత ఒకటి.

లావు కేబుల్ ఖరీదెక్కువ, నిజమే. అయితే మోటారు కాలితే రీవైండింగ్ ఖర్చొక్కటే కాదు, పైపులన్నీ పైకి లాగే కూలీ, ఆలోగా ఎండే పంట కూడా లెక్కలోకి రావాలి. పైన చెప్పిన సన్న కేబుల్‌లో 550 వాట్ల దాకా వేడిగా పోతుంది. ఉచిత విద్యుత్తు కాబట్టి ఆ నష్టం రైతు బిల్లులో కనబడదు, ప్రభుత్వ ఖజానా మీద పడుతుంది. అందుకే ఇది రైతు ఒక్కడి బాధ్యత కాదు. కొత్త సర్వీసు ఇచ్చేటప్పుడు ఎన్ని హెచ్‌పీకి, ఎంత పొడవుకు ఏ సైజు కేబుల్ వాడాలో విద్యుత్తు శాఖ రాసివ్వాలి. దుకాణదారులు అదే పట్టిక గోడకు అంటించాలి. పైన ప్లాస్టిక్ మందంగా ఉండి లోపల రాగి సన్నగా ఉండే కేబుళ్లూ ఉంటాయి కనుక, రైతులు కొనేముందు చివర ఒలిపించి రాగిని కళ్లారా చూసుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు