రాకీ బొమ్మ ఎందుకు, తంగలాన్ ఎందుకు వద్దు?

మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, తెలుగులో తప్పులుంటే మన్నించండి. విషయం మాత్రం మన్నించి వదిలేసేది కాదు.

వార్షికోత్సవం బ్యానర్ నమూనా గ్రూపులో చూశాం. పైన మన సంఘం పేరు, పక్కన తుపాకీతో రాకీ! తమ్ముళ్ళూ, ఆ నరాచి గని ఎక్కడుంది? మారికుప్పంలోనా, ఛాంపియన్ రీఫ్స్‌లోనా? 2018లో వచ్చిన ఆ సినిమా బొంబాయి బంగారం స్మగ్లర్ల కథకు మన ఊరి పేరు తగిలించింది. ఇక్కడ గనులు నడిపింది 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ, 1956 నుంచి సర్కారు. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఇందులో గూండా రాజ్యం ఎక్కడ? ఇప్పుడు బయటూరి చుట్టాలు వస్తే సైనైడ్ దిబ్బ చూపించి "రాకీ ఇక్కడేనా తిరిగింది?" అని అడుగుతారు. మన తాతలు ఎక్కడ దిగారని ఒక్కరూ అడగరు.

అదే 2024 ఆగస్టు 15న 'తంగలాన్' వచ్చింది. పా. రంజిత్ తీశాడు, విక్రమ్ వేశాడు, తెలుగులోనూ వచ్చింది. మన గ్రూపులో ఒక్క మాట లేదు. ఒకాయన మాత్రం "అది తమిళోళ్ళ సినిమా, దయ్యాల సినిమా" అన్నాడు.

ముందు తమిళోళ్ళ సంగతి చూద్దాం. కథ 1850 నాటిది, ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెలో మొదలవుతుంది. ఆ జిల్లా కేంద్రం అప్పుడు ఏ ఊరు? చిత్తూరు! 1911లో చిత్తూరు జిల్లా వేరుపడేదాకా అంతే. మనలో సగం మంది పెద్దలు ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళే కదా. బాకీలకు భూమి పోగొట్టుకుని దొర వెనక బంగారానికి బయలుదేరే ఆ మనిషి మనవాడు కాకుండా ఎలా పోతాడు?

ఇక దయ్యం. బంగారానికి కావలి ఉండే ఆరతి, పాములు, నల్ల చిరుత, మట్టిలో నెత్తురు. భయంగానే ఉంటుంది. గనిలోకి దిగేముందు అమ్మవారికి దండం పెట్టుకున్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఈ భయం కొత్తదా? రాక్ బరస్ట్ సైరన్ మోగితే ఇంటి ఆడవాళ్ళు షాఫ్టు దగ్గరికి పరుగెత్తిన ఊరు ఇది.

సినిమాలో లోపాలు లేవని అనం. రెండో సగంలో కేకలు ఎక్కువ, కొన్ని మాటలు అర్థం కావు, చివర సాగదీశారు. కానీ ఆ పల్లె ఆడవాళ్ళు మొదటిసారి రవికలు తొడుక్కుని నవ్వే చోట మా ఇంట్లో అందరూ కళ్ళు తుడుచుకున్నాం. రాకీ చూసి ఈలలు వేశాం, ఒప్పుకుంటాం. కన్నీళ్ళు మాత్రం రాలేదు.

బంగారపేట కౌంటర్లో కూర్చున్న రోజుల్లో మారికుప్పం టికెట్ అడిగిన చేతులు ఎన్నో చూశాం. చిల్లర లెక్కపెట్టే ఆ కాయలు కాసిన వేళ్ళు ఏ బ్యానర్ మీదా లేవు.

కాబట్టి ఆ బొమ్మ తీసేయండి. ఆ చోట మీ తాతల గని ఫోటో ఉంటే ఇవ్వండి. వార్షికోత్సవం ముందురోజు రాత్రి తెర కట్టి తంగలాన్ వేద్దాం. ప్రొజెక్టర్ అద్దె మా పింఛనుదార్లం పంచుకుంటాం.