గిలకలదిండి బోట్ల హోరు తగ్గించండి

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి,

మచిలీపట్నం గిలకలదిండి హార్బరు నుంచి వేటకెళ్లే మరబోట్లలో కళాసీలు రోజుల తరబడి ఇంజను హోరులోనే పనిచేసి, అక్కడే పడుకుంటారు. దానివల్ల పోయిన వినికిడి తిరిగి రాదు. పక్కవాడు ప్రమాదమని అరిచినా వినబడదు. హోరుతోపాటు వచ్చే ఇంజను అదురుకు బోల్టులు వదులై బేరింగులు అరుగుతాయి.

2014 జులై నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ శబ్ద నియమావళి ఓడ ఇంజను గదికి 110 డెసిబెల్స్ హద్దు పెట్టింది. చేపల బోట్లకు అది వర్తించదు.

కాబట్టి బోటు తనిఖీలో శబ్దం కూడా కొలవండి. ఇంజను కింద రబ్బరు దిమ్మలకు, సైలెన్సర్లకు సబ్సిడీ ఇవ్వండి. కళాసీలకు ఏటా వినికిడి పరీక్షలు జరపండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అప్పుడు బోట్లు ఒడ్డునే ఉంటాయి. వచ్చే నిషేధ కాలంలోనే పని మొదలుపెట్టండి.

ఇట్లు,
మచిలీపట్నం పౌరుడు