వారం రోజుల ఊరగాయ

ఒక్కరో ఇద్దరో ఉండే ఇళ్లలో ఫ్రిజ్ అడుగు అర తెరిచి చూడండి. సగం కీరా, ఒక క్యారెట్, నాలుగు క్యాలీఫ్లవర్ రెబ్బలు, మొన్న కోసి మిగిల్చిన ఉల్లిచెక్క ఉంటాయి. ఏ ఒక్కటీ కూరకు చాలదు. పారేయడానికి చేతులు రావు.

వీటన్నిటినీ ఒకే సీసాలోకి చేర్చే పద్ధతి ఈమధ్య చాలా వంటిళ్లలోకి వచ్చింది. కీరా, క్యారెట్ పల్చటి చక్రాలుగా తరిగి, కాస్త ఉప్పు చల్లి పావుగంట వదిలేస్తే ముక్కలు నీరు వదులుతాయి. ఆ నీరు వంపేస్తేనే ముక్క కరకరలాడుతుంది. కప్పు వెనిగర్‌కి కప్పు నీళ్లు, రెండు చెంచాల పంచదార, చెంచా ఉప్పు, కాసిని మిరియాలు, ఆవాలు వేసి వేడిచేసి, సీసాలో కుక్కిన ముక్కలు మునిగేదాకా పోయడమే. చీల్చిన పచ్చిమిర్చి వేయడం మన ఇష్టం. చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి భోజనానికి నంజుకోవడానికి సిద్ధం.

అందులో ఉల్లిచీలికలు వేసిన వారు ఒక్కసారి మధ్యలో సీసా తీసి చూడాలి. ఉల్లిపాయ ఊదారంగు పులుపు తగిలి మెల్లగా గులాబీలోకి తిరుగుతుంది. మొదట అంచులు, తర్వాత ముక్కంతా, చివరికి ఊట కూడా. సీసాని వెలుతురుకి పట్టుకుని చూడబుద్ధేస్తుంది.

ఏడాది నిలవుండే సరుకు కాదిది. ఆవకాయకి ఉప్పు, కారం, పైన తేలే నూనె కాపలా ఉంటాయి. దీనికి పులుపు, చల్లదనమే దిక్కు. బయట పెట్టకుండా, ఎంగిలి చెంచా తగలనీయకుండా వారం పది రోజుల్లో తినేయాలి.

వెనిగర్ కొత్తేమో గానీ ఇలా ఊరీ ఊరని ముక్క రుచి మనకు కొత్త కాదు. దోసావకాయ అదేగా! ముందుగా ముక్క కొరికి చేదు లేదని చూసుకుని, తొక్కతోనే చిన్నగా తరిగి, ఉప్పు, కారం, ఆవపిండి, పప్పునూనె కలిపితే ఆ పూటకే విస్తట్లోకి వచ్చేస్తుంది. తడి తగిలిన ఆవపిండి ఘాటెక్కి, ముక్క కొరకగానే ముక్కుపుటాలు అదురుతాయి. పెళ్లి భోజనాల్లో అది మారు అడగనివారు తక్కువ.

పెద్ద ఊరగాయ సంగతి వేరు. ఆవకాయ పెట్టేరోజు ఇంట్లో ఖాళీగా ఉన్న చెయ్యి ఉండేది కాదు. కాయ కొట్టేవారు కొడుతుంటే, పిల్లలు ముక్కల మీది పొర తీసి గుడ్డతో తుడిచేవాళ్లు. సెలవులకు ఎవరెవరు వస్తారు, ఎవరికి ఎంత కట్టివ్వాలి అన్నది లెక్కేసుకుని మరీ జాడీలు నింపేవారు.

అంత పెట్టిన చేతులే ఇప్పుడు చాలాచోట్ల ఒంటరిగా ఉన్నాయి. పిల్లలు తలో ఊరు, తలో దేశం. ‘ఒక్క ప్రాణానికి ఏం వండుకుంటాంలే’ అనే మాట ఎన్ని ఇళ్లలో వింటున్నామో! ఇన్ని మెతుకుల్లో మజ్జిగ పోసుకుని అయిందనిపించేస్తారు. ఒకరికి వండిపెట్టేటప్పుడు ఉన్న ఓపిక, తనకోసం అనేసరికి ఉండదు. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఇంటిల్లిపాదికీ నాలుక్కి రుచి తగిలేలా పెట్టిన మనిషికి తన కంచంలో నంజుకోవడానికి ఏదో ఒకటి ఉండొద్దూ?

అందుకే ఈ చిన్న సీసా మీద మాకు ఇంత ఇష్టం. అరపూట శ్రమ లేదు, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడే పని లేదు. ఇవాళ తరిగింది రేపటికి గానీ రుచికి రాదు. రేపు భోజనానికి కూర్చున్నప్పుడు ఇది ఉంటుందని ఇవాళే తలుచుకోవడం, వయసు మీద పడ్డవారికి మందు బిళ్లలంత అవసరమనిపిస్తుంది.

మాకు తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారికి భార్య ఉన్నన్నాళ్లూ కత్తిపీట ఎక్కడుంటుందో కూడా తెలియదు. ఆవిడ పోయాక డాలస్‌లో ఉన్న కూతురు వీడియో కాల్‌లో ఇది చేసి చూపించింది. ‘ఇంకాస్త పల్చగా తరుగు నాన్నా’ అంటూ పక్కనే ఉన్నట్టు చెబుతుంటుంది. ఆయన చక్రాలు ఒకటి మందం, ఒకటి పల్చన. అయినా ముద్దపప్పు అన్నంలోకి అమోఘంగా ఉందంటారు. ఖాళీ అయిన జామ్ సీసాలు పారేయొద్దని ఇరుగుపొరుగుకి చెప్పిపెట్టుకున్నారు. ఈసారి ముల్లంగి వేస్తారట. ఫ్రిజ్ అంతా వాసనొస్తుందని కూతురు వద్దంటోంది గానీ, ఆయన వినేలా లేరు.