చేతిలో విజిట్ వీసా, మాటలో కొలువు

బెంగళూరులోని కాటన్‌పేట మెజెస్టిక్ బస్టాండుకు, సిటీ రైల్వేస్టేషనుకు నడక దూరంలో ఉన్నది. కదిరి, హిందూపురం వైపుల నుండి గల్ఫ్‌కు బయలుదేరే కుటుంబాలు విమానానికి ముందు రాత్రి ఈ చుట్టుపక్కల లాడ్జీలలో దిగుతుంటాయి. నిజానికి దేవనహళ్లి విమానాశ్రయం హైదరాబాదు రహదారిపై నగరానికి ముందే తగులుతుంది. అయినా కాగితాలు లాడ్జీలో ఇస్తానని ఏజెంటు చెప్పాడు గనుక ఇంటిల్లిపాదీ నగరంలోకి వచ్చి, తెల్లవారుజామున మరల వెనక్కి పోవలసి వస్తుంది. వీసాను కళ్లారా చూసేది ఆ రాత్రే. అప్పటికి వడ్డీకి తెచ్చిన సొమ్ము చేతులు మారి ఉంటుంది.

ఆ కాగితంపై ఉండవలసినది 'ఎంప్లాయ్‌మెంట్' అన్న మాట. కొందరి కాగితంపై ఉండేది 'విజిట్'.

ఈ తేడా ఏమిటో తెలియాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టాన్ని చూడవలసి ఉంటుంది. పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులో సాధారణంగా ఇ.సి.ఆర్. అని ఉంటుంది. అటువంటివారు గల్ఫ్‌లోని ఆరు దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. యజమాని ఎవరు, జీతమెంత, ఒప్పందంలో ఏమున్నది అన్నవి అక్కడ నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల బీమా కూడా ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు మాత్రమే.

అయితే 2007 అక్టోబరు నుండి చూడటానికి వెళ్లేవారికి ఈ అనుమతి అవసరం లేకుండా సడలించారు. వీసా, తిరుగు టికెట్టు ఉంటే చాలు. బంధువులను చూడబోయే ముసలివారికి అది మేలే. కానీ దొంగ ఏజెంట్లు దూరే సందు కూడా అదే. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు గల స్త్రీకి 30 ఏళ్లు నిండనిదే పనికి అనుమతి రాదు. పాతికేళ్ల కోడలికి విజిట్ వీసా తెచ్చాడంటే ఎందుకు తెచ్చాడో వేరే చెప్పనక్కరలేదు.

అక్కడ దిగిన తరువాత గడువు తీరగానే ఆమె ఆ దేశ చట్టం దృష్టిలో నేరస్థురాలు అవుతుంది. జీతం ఎగ్గొట్టినా చూపడానికి ఒప్పంద పత్రం ఉండదు, బీమా ఉండదు. కువైట్ 2024 మార్చి నుండి జూన్ వరకు, యు.ఎ.ఇ. అదే ఏడాది సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు క్షమాభిక్ష ప్రకటించాయి. అటువంటి అవకాశం వచ్చేవరకు దాగి బ్రతకవలసిందే.

పనివీసా అయినా రకం చూడాలి. కువైట్‌లో ఇంటిపనికి 20వ నంబరు, కంపెనీ పనికి 18వ నంబరు వీసా ఇస్తారు. ఇంటి వీసాపై వెళ్లి దుకాణంలో చేరితే అదీ ఉల్లంఘనే.

రిజిస్టరయిన ఏజెంటు చట్టప్రకారం తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్‌.టి. అంతకు మించి అడిగితే రశీదు ఏ పేరు మీద ఇస్తాడో అడిగి చూడవచ్చును. అతని లైసెన్సు ఉన్నదో లేదో కేంద్ర ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. బడిపిల్లలు కూడా సెల్‌ఫోనులో చూసి చెప్పగలరు. ఆ పని సొమ్ము ఇవ్వకముందు ఊరిలోనే చేయవలసినది, లాడ్జీ గదిలో కాదు.