బండి మనది, పేరు ఎవరిది?

పోస్టు కొంచెం పొడుగు, అయినా చివరిదాకా చదవండి. ఇంట్లో ఎవరైనా పాత కారు కొందామనుకుంటుంటే వాళ్ళకి చదివి వినిపించండి.

మా మేనమామ పోయినేడాది ఖమ్మంలో ఒక పాత కార్ల డీలర్ దగ్గర బొలెరో కొన్నాడు. మిర్చి డబ్బులు, తునికాకు డబ్బులు, అత్త గొలుసు కుదువ పెట్టిన డబ్బులు అన్నీ కలిపి కట్టాడు. రెండు నెలల్లో ఆర్‌సీ నీ పేరు మీద వస్తది అన్నాడు డీలర్. ఆరు నెలలకి ఫైనాన్స్ వాళ్ళు వచ్చి సంతలో ఆపి ఉన్న బండిని పట్టుకుపోయారు. పాత ఓనర్ కిస్తీలు కట్టలేదట. డీలర్‌ని అడిగితే "నేను మధ్యవర్తిని, నాకేం సంబంధం" అన్నాడు.

ఇది చెప్తే హాస్టల్‌లో ఒకన్న అన్నాడు, "మనోళ్ళకి చదువు లేదు తమ్మీ, అందుకే మోసపోతారు." నాకు మండింది. ఎందుకంటే ఆ రోజు మామ పక్కన ఉన్నది నేనే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ణి. బండి ముందు ఫొటోలు దిగాను గానీ ఆర్‌సీ తిప్పి చూడలేదు. దాని మీద ఫైనాన్స్ కంపెనీ పేరు అచ్చయి ఉంది. చదువు లేని మామది తప్పా, చదువుండి చదవని నాది తప్పా?

మన గూడెంలో ఎడ్లు అమ్మినా, విత్తనాలు అప్పిచ్చినా పెద్దమనుషుల ముందు మాట చాలు. అది అమాయకత్వం కాదు. మాట తప్పినోడు మళ్ళీ ఆ ఊళ్ళోనే తలెత్తుకు బతకాలి, అందుకే మాట నిలబడుతుంది. డీలర్‌కి ఆ భయం లేదు. మన డబ్బులకి నోట్లు లెక్కపెట్టుకుంటాడు, తన మాటకి మాత్రం కాగితం ఇవ్వడు. మన భూమి చేతులు మారకుండా 1/70 ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. బండికి కూడా చట్టం ఉందని మనకి చెప్పినోళ్ళు లేరు. నేను దెబ్బ తిన్నాక నేర్చుకున్నవి ఇవి.

ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే, బాకీ తీరినట్టు ఆ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చూడకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. పేరు మారాలంటే ఫారం 29, 30 మీద ఆర్‌సీలో ఉన్న ఓనర్ సంతకం కావాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలర్‌కి రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలి. అది చూపించమనండి. భద్రాచలం దాటి ఎటపాక పోతే ఆంధ్రా. అక్కడ రిజిస్టర్ అయిన బండి చవకగా వస్తుందని కొంటే ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడి టాక్స్ ఉంటాయి. అవి కూడా లెక్కేసుకోండి.

అమ్మేటప్పుడూ జాగ్రత్త. యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్నోడిదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

అన్నిటికన్నా ముఖ్యం, పేరు మారేదాకా కొంత డబ్బు మీ చేతిలోనే ఉంచుకోండి. "నా మీద నమ్మకం లేదా" అంటాడు. నమ్మకస్తుడికి రసీదు రాయడానికి చెయ్యి నొప్పెందుకు అని అడగండి.

మోసపోతే ఊరుకోవద్దు. 1915కి ఫోన్ చెయ్యొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు చెయ్యొచ్చు. కట్టింది 5 లక్షల లోపయితే ఫీజు లేదు, లాయర్ లేకపోయినా మనమే మాట్లాడుకోవచ్చు.

మామ బండి ఇంకా రాలేదు. చేతిలో ఉన్నది డీలర్ తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీ ఒక్కటే. దాన్ని జతచేసి ఫిర్యాదు నేనే రాస్తున్నా. మీరు మాత్రం ఫిర్యాదు రాసే దాకా ఆగొద్దు. ఇంట్లో వాళ్ళు బండి కొనడానికి పోయే రోజు హాస్టల్‌లో సెలవు పెట్టి వెంట పొండి. ఫొటో తర్వాత దిగొచ్చు, ముందు ఆర్‌సీ చదవండి.

జై కొమురం భీం.